చించితే ఇంకోటి చేస్తాం

కత్తెర పెద్దగా కదలడం లేదు. అట్టముక్కే తిరుగుతోంది. ఎడమచేత్తో అట్టను కొద్దికొద్దిగా తిప్పుతూ, కుడిచేతి కత్తెరను ఉన్నచోటే ఆడిస్తూ, నాలుగు మూలలూ గుండ్రంగా కోసేసింది ఆ అక్క. మూలలు కోసుగా ఉంటే పిల్లల వేళ్లకు గుచ్చుకుంటాయట. పైగా అట్ట పొరలు లేచేది కూడా అక్కణ్ణుంచేనట. కోసిన అట్ట మీద స్కెచ్‌పెన్నుతో టమాటా క్రేట్లు గీసింది. కింద లెక్క రాసింది. పన్నెండు క్రేట్లు మదనపల్లె మండీకి పోయినాయి, క్రేటు మూడువందల యాభైకి పలికింది, బండి బాడుగ ఇంత, మండీ కమీషను ఇంత, ఇంటికి వచ్చింది ఎంత? పై మూలన కుందేలు బొమ్మ, దాని పక్కన ఒక అంకె. ఆ రెండింటినీ గోడమీది పటంతో సరిచూసుకున్నాకే అట్టను పక్కన పెట్టింది.

ఆ అక్క పాఠం చెప్పేది రిషివ్యాలీ దగ్గరి ఒక పల్లె బడిలో. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఇలాంటి చిన్న బడులు కొన్ని ఉన్నాయి. జిడ్డు కృష్ణమూర్తి పేరుతో ప్రపంచమంతా ఎరిగిన పెద్ద బడి గురించి రాసినవాళ్లు బోలెడుమంది ఉన్నారు, నువ్వు పల్లె బడి చూసి రా అని మా సంపాదకులు పంపారు. చూడాల్సినవి చాలానే చెప్పారు. నేను మాత్రం పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఈ అక్క చేతుల దగ్గరే కూర్చుండిపోయాను.

గదిలో ఐదారేళ్ల పిల్లల నుంచి పదకొండేళ్ల వాళ్ల వరకు అందరూ ఒకేచోట ఉన్నారు. తరగతుల వరసలు లేవు. గోడకు నిచ్చెనలాంటి పటం వేలాడుతోంది. ఏడాది చదవాల్సిన తెలుగూ లెక్కలూ చిన్నచిన్న మెట్లుగా విరిచి ఆ పటం మీద బొమ్మలుగా పేర్చారు. ఒక పాప వచ్చి తానెక్కడున్నదో వేలితో వెతుక్కుంది, తరవాతి బొమ్మ ఏదో చూసుకుంది, అరలోంచి ఆ బొమ్మ ఉన్న కార్డు తీసుకుంది. ఏ గుంపులో కూర్చోవాలో కూడా కార్డే చెబుతుంది. కొత్త పాఠమైతే అక్క దగ్గర. కొంచెం వచ్చినదైతే అక్క సాయం అప్పుడప్పుడు ఉండే గుంపులో. సాధన చేయాల్సిందైతే తోటిపిల్లలతో. తనకు వచ్చిందో లేదో తానే చూసుకునే చోటు ఇంకొకటి. రాకపోతే అదే మెట్టు మీద ఇంకో కార్డు ఉంటుంది. ఫెయిలనే మాట ఎక్కడా వినపడలేదు. ఎనిమిదేళ్ల పిల్లవాడు ఆరేళ్లదానికి గుణింతం దిద్దిస్తుంటే అక్క అటు తిరిగి కూడా చూడలేదు. ఆ పని వాడిదేనని ఆమెకు తెలుసు, వాడికీ తెలుసు.

శనక్కాయ చెట్లు పెరికే రోజుల్లో పిల్లలు బడికి రారు. మామూలు బడిలో ఆ పదిహేను రోజుల పాఠం పోయినట్టే, తిరిగొచ్చిన పిల్లవాడు వెనకబెంచీకి చేరినట్టే. ఇక్కడ వాడు ఏ మెట్టు దగ్గర ఆగిపోయాడో మళ్లీ అక్కడే మొదలుపెడతాడు. మెట్టపంటల సీమలో పిల్లల బతుకు ఎలా నడుస్తుందో బాగా ఎరిగినవాళ్లు మాత్రమే ఇలా ఆలోచించగలరు.

1926లో మొదలైన రిషివ్యాలీ బడికి 1980లలో వచ్చిన రమ, వై.ఎ. పద్మనాభరావు దంపతులు చుట్టుపక్కల పల్లె పిల్లల కోసం ఈ పద్ధతిని కూర్చారు. ఒక్క టీచరు, ఒక్క గది, అన్ని వయసుల పిల్లలు. పల్లె బడికి దీన్ని లోటుగా ఎంచలేదు వాళ్లు. ఉన్నది ఇదే కదా, దీనికి తగిన చదువేది అని అడిగారు. పాఠం చెప్పడానికి ఆ పల్లెల్లోనే కొద్దో గొప్పో చదువుకున్న కుర్రవాళ్లను, ఆడపిల్లలను తీసుకుని తర్ఫీదు ఇచ్చారు. ఈ అక్క కూడా అలా వచ్చిన మనిషే. ఇంటర్ తర్వాత ఇంట్లో ఉండిపోవాల్సిన దాన్ని అని తానే చెప్పింది. కార్డు చేయడం ఎక్కడ నేర్చుకున్నావమ్మా అంటే, "చేసేవాళ్ల పక్కన కూచోని సార్. మొదుట్లో అన్నీ పాడుచేస్తిని" అంది.

ఆ పూట బడి చూడ్డానికి ఒక ప్రభుత్వ ఉపాధ్యాయుడు కూడా వచ్చారు. ఒంటి టీచరు బడి ఆయనది. చాలాసేపు మౌనంగా చూసి, నాతో మెల్లిగా మొదలుపెట్టారు.

"మాకూ వచ్చినాయి సార్ ఇట్లాంటివి. డబ్బాల్లో వచ్చినాయి. స్టాకు రిజిస్టర్లో ఎక్కించుకోవాల్సి వచ్చె. ఒక కార్డు పోయినా ఎవురు జవాబుదారి? ఆ భయానికి అల్మారాలో పెట్టి తాళం వేస్తిమి. తనిఖీకి వస్తే తీసి పరుస్తాం."

ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు కోపం తగ్గలేదు. ఆయన మీద కాదు. ఉమ్మడి రాష్ట్రంలో రాజీవ్ విద్యా మిషన్ కాలంలో చిన్న తరగతులకు స్నేహబాల కార్డులు వచ్చాయి, చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆలోచన మంచిదే. కానీ మెట్టు మెట్టునా కార్డు గీసిన చేయి వేరు, దాన్ని వాడాల్సిన చేయి వేరు అయింది. ఎక్కడో అచ్చయిన కార్డు టీచరుకు ప్రభుత్వ ఆస్తిగానే కనిపిస్తుంది, తన పనిముట్టుగా కనిపించదు.

పక్క రాష్ట్రాలు ఇంతకంటే ఓపిక చూపాయి. మైసూరు జిల్లా హెచ్.డి. కోటె నుంచి ప్రభుత్వ టీచర్లు 1990లలో రిషివ్యాలీకి వచ్చారు. ఇక్కడి కార్డులు మోసుకుపోలేదు. తిరిగిపోయి తమ కన్నడ పాటలతో, తమ ఊరి వస్తువులతో సొంత కార్డులు చేసుకున్నారు. కర్ణాటకలో నలి-కలి పద్ధతి అలా పుట్టింది. చెన్నై కార్పొరేషన్ ఈ కార్డుల పద్ధతిని 2003లో 13 బడులతో మొదలుపెట్టింది. నాలుగైదేళ్లలో తమిళనాడు అంతటా 37 వేలకు పైగా బడులకు ఆ పద్ధతి చేరింది. రాష్ట్రమంతా ఒకేసారి పరిచాక అక్కడా ఇబ్బందులు వచ్చాయి, కాదనను. అయినా మొదట కత్తెర పట్టుకున్నది టీచర్లే. మన దగ్గర పాడేరు గిరిజన పల్లెల్లోనూ ఈ పద్ధతి నడిచిన రోజులున్నాయి. చిత్తూరు సీమలో పుట్టిన చదువును నేర్చుకోవడానికి దూరాల నుంచి మనుషులు వస్తుంటే, ముప్పై మైళ్ల అవతల మన టీచరు అల్మారాకు తాళం వేసుకుని కూర్చుంటే ఎలా?

2024-25 కేంద్ర లెక్కల ప్రకారం దేశంలో ఒకే టీచరున్న బడులు అన్ని రాష్ట్రాలకంటే ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువ, 12,912. ఇలాంటి అంకె కనపడగానే మన విద్యాశాఖకు తోచే మందు ఒక్కటే, కలిపేయడం. మూడు, నాలుగు, ఐదు తరగతులను ఊరి బడి నుంచి తీసి హైస్కూళ్లలో కలపాలన్న 117వ జీవో 2022లో వచ్చింది, తర్వాత పోయింది. జీవోలు వస్తుంటాయి, పోతుంటాయి. కొండవాలు పల్లెలో, తండాలో పదిహేనుమంది పిల్లలూ ఒక్క టీచరూ మాత్రం ఏళ్ల తరబడి అలాగే ఉన్నారు. టీచర్లను పెంచాల్సిందే, అందులో రాజీ లేదు. పెంచేదాకా ఆ పదిహేనుమందికి ఏం చేయాలో తెలిసిన మనుషులు మన మధ్యే ఉన్నారని నా బాధ.

మధ్యాహ్నం పిల్లలు అన్నాలకు లేచాక ఆ సారు కూడా అక్క ఎదురుగా కూర్చున్నారు. టమాటా కార్డు చేతిలోకి తీసుకుని అటూఇటూ తిప్పారు. "పిలకాయలు దీన్ని చించితే?" అన్నారు.

"చించితే ఇంకోటి చేస్తాం సార్. రెండోసారి బాగా వస్తుంది."

ఆమె ఒక ఖాళీ అట్ట ఆయన ముందుకు జరిపింది. మూల కోయబోయి ఆయన కత్తెరనే తిప్పారు, అంచు వంకరపోయింది. అట్టను తిప్పమని ఆమె చేసి చూపించింది. మూడో అట్టకు ఆయన చేయి కుదిరింది. తమ తండాలో ఇల్లు విడిచి బెంగళూరు పనులకు పోయేవాళ్లే ఎక్కువని, బస్సు చార్జీతో, రోజు కూలీతో లెక్క కార్డులు చేస్తే పిల్లలకు తేలిగ్గా ఎక్కుతుందని అన్నారు. అట్ట వెనకే ఆ లెక్కలు రాసుకోవడం మొదలుపెట్టారు.

నెలనెలా జరిగే స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో రోజంతా ఉపన్యాసాలే ఉంటాయట. ఈసారి ఒక్క పూట అట్టలూ కత్తెరలూ ఇప్పించమని మండల విద్యాధికారిని అడుగుతానన్నారు. అడిగితే ఇస్తారో లేదోనన్న అనుమానం ఆయన గొంతులో ఉంది. అక్క మాత్రం తేదీ ఏదని అడిగింది. శనివారమైతే తాను రాగలనంది, వచ్చేవాళ్లు తమ ఊరి లెక్కలు నాలుగు రాసుకుని రావాలని కూడా చెప్పింది.