కరెంటుకీ కాపలా కావాలి

మాది పాతబస్తీలో గౌలిపురా. 2019లో మన డిస్కంల వెబ్‌సైట్ల మీద సైబర్ దాడి జరిగిందని తెలిసి, "కరెంటుకి కూడా దొంగలా!" అని నవ్వుకున్నాను.

మొన్న మా అమ్మాయి, "2021లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలిచ్చిందమ్మా. కీలకమైన కంప్యూటర్లు చూసే సిబ్బందికి సైబర్ భద్రతలో శిక్షణ ఉండాలట. నేనూ ఆ కోర్సే చేస్తా" అంది.

"ఆడపిల్లకి రాత్రి డ్యూటీలా?" అన్నారు అత్తగారు. నేను నోరెత్తలేదు.

ఆ వారమే గాలివానకి కరెంటు పోయింది. మామగారి ఆక్సిజన్ మిషను ఆగిపోయింది. సిలిండరు తగిలించేలోపు నా చేతులు ఒకటే వణుకు. లైట్లు వచ్చాక అత్తగారే, "పిల్లని చదివించవే. ఇలాంటి ఇళ్ళు ఎన్నున్నాయో!" అన్నారు.

చీటీ పాడి ఫీజు కట్టేశాను. ఆ రోజు నోరెత్తనందుకు మాత్రం ఇప్పటికీ సిగ్గేస్తుంది, వదినా!