అరకు దారిలో పాటల వరస

గోటి మీద పట్టేంత కార్డు. అందులో నాలుగొందల పైచిలుకు పాటలు. విశాఖపట్నం నుంచి అరకు దాకా మూడు నాలుగు గంటల ప్రయాణానికి ఇంకేం కావాలి? అనుకునే బయల్దేరిందా కుటుంబం. తీరా కారు కదిలాక తెలిసింది... పాటలన్నీ ఉన్నాయి, వాటి వరసే లేదని!

తెల్లవారుజామున ఐదున్నర. విశాఖలో ఓ అపార్టుమెంటు ముందు కారు సిద్ధంగా ఉంది. డిక్కీలో పులిహోర డబ్బా, నీళ్ల సీసాలు, స్వెట్టర్లు సర్దేశారు. స్టీరింగు దగ్గర కొడుకు. వెనక సీట్లో కోడలు, ఏడేళ్ల మనవరాలు. ముందు సీట్లో తాతయ్య. రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉండగా కొన్నేళ్లు ఆయన కాపురం కొత్తవలస-కిరండూల్ లైన్లోనే, ఆ కొండల మీది రైల్వే క్వార్టర్సులో. భార్య పోయి ఏడాది దాటింది. అప్పట్నుంచీ ‘అరకు వెళ్దాం నాన్నా’ అంటే ‘చూద్దాంలేరా’ అంటూ దాటేస్తూ వచ్చారు. ఈసారి మాత్రం ఒప్పుకున్నారు, ఓ షరతు మీద. ‘మీ అమ్మ క్యాసెట్టు దారంతా మోగాలి!’

చీటీ మీద పాటలు

ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారేమోగానీ, ఒకప్పుడు పాటల జాబితా అంటే తెల్లకాగితం మీద రాసిన చీటీయే. 1980ల్లో, 90ల్లో చిన్న పట్నాల్లోనూ రికార్డింగ్ సెంటర్లు ఉండేవి. ఖాళీ క్యాసెట్టు కొని, కావలసిన పాటలు కాగితం మీద రాసిచ్చి వస్తే నాలుగు రోజులకో వారానికో ఎక్కించి ఇచ్చేవారు. 60 నిమిషాల క్యాసెట్టయితే ఒక్కో వైపు అరగంట. ఏడెనిమిది పాటలు పట్టేవి. ఏ పాట పక్కన ఏది ఉండాలి, ఏ వైపు ఏ పాటతో మొదలవ్వాలి అని ఇంటిల్లిపాదీ కూర్చుని తర్జనభర్జన పడేవారు. ఒకసారి ఎక్కిందంటే ఇక ఆ వరస మారదు. అందుకే ఆ తరం వాళ్లకు ఓ పాట అయిపోతుంటే తరవాతి పాట పల్లవి దానంతటదే నోట్లోకి వచ్చేస్తుంది.

నానమ్మ క్యాసెట్టూ అలాంటిదే. ఘంటసాల, సుశీల పాడినవి మొత్తం 15 పాటలు. వాటి పేర్లు క్యాసెట్టు పెట్టెలోని అట్టముక్క మీద ఆమె చేత్తో రాసినవే. అయితే ఆ క్యాసెట్టులో మరొకటి కూడా ఉంది. క్వార్టర్సులో ఓ ఉదయం టూ-ఇన్-వన్ మీద ఎవరి చెయ్యో పొరపాటున రికార్డు మీట మీద పడింది. ఆరో పాటకూ ఏడో పాటకూ మధ్య ఓ అర నిమిషం పాటు ఇంట్లోని చప్పుళ్లన్నీ టేపులోకి ఎక్కేశాయి. ఆ చప్పుళ్లలో ఆమె గొంతు ఉంది.

అన్ని పాటలూ ఫోన్లోనే దొరుకుతున్న ఈ రోజుల్లో ఆ అర నిమిషం మాత్రం ఎక్కడా దొరకదు. పైగా ఘాట్ రోడ్డు మీద చాలా మలుపుల్లో సిగ్నల్ అందదు. అందుకే కొడుకు మెమరీ కార్డును నమ్ముకున్నాడు.

గంట క్యాసెట్టుకు గంట సమయం

క్యాసెట్టును కంప్యూటర్లోకి ఎక్కించడానికి అడ్డదారి లేదు. టేపురికార్డరు నుంచి కంప్యూటరుకు తీగ కలిపి, క్యాసెట్టు మొదట్నుంచి చివరిదాకా మోగనివ్వాలి. గంట క్యాసెట్టుకు గంట పడుతుంది. ఆ తరవాత ఏ పాటకా పాట విడగొట్టి పేర్లు పెట్టుకోవాలి. తెలుగు అక్షరాల్లో పెడితే చాలా కార్ల తెర మీద డబ్బాలో, ప్రశ్నార్థకాలో కనిపిస్తాయి. అందుకని కొడుకు అన్నిటికీ ఇంగ్లిష్ అక్షరాలే వాడాడు. అమ్మ గొంతున్న ముక్కకు ‘వాయిస్’ అని పేరు పెట్టాడు.

వాటికి ఇంట్లో ఉన్న మిగతా పాటలన్నీ కలిపాడు. పాపకు ఇష్టమైనవి కొన్ని, భార్యకు ఇష్టమైనవి కొన్ని. తాతయ్య ఎప్పుడో కొనుక్కున్న ‘మాయాబజార్’ మాటల క్యాసెట్టు కూడా 12 ముక్కలుగా ఎక్కింది. అన్నిటినీ ఒకే ఫోల్డరులో వేసి, కంప్యూటర్లో మూడు ప్లేలిస్టులు తయారుచేశాడు... నాన్నవి, పాపవి, అందరివీ.

ముందు 64 జీబీ కొత్త కార్డు కొన్నాడు. కారులో పెడితే అసలు కార్డే లేదంది స్టీరియో. లోపం కార్డుది కాదు. 32 జీబీ దాటిన కార్డులు సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో సిద్ధం చేసి వస్తాయి. పాత కార్ల స్టీరియోలు చాలావాటికి దానికంటే ముందుదైన ఫ్యాట్32 మాత్రమే అర్థమవుతుంది. చివరికి పాత ఫోన్లోంచి తీసిన 16 జీబీ కార్డు అక్కరకొచ్చింది. దాన్ని ప్లాస్టిక్ తొడుగులో పెట్టి కారులోకి తోస్తే వెంటనే మోగింది. అప్పటికి రాత్రి పన్నెండున్నర. ఒక్క పాట విని, హమ్మయ్య అనుకుని పడుకున్నాడు.

విందు ముందే వచ్చేసింది!

గోపాలపట్నం దాటారు. పెందుర్తి వచ్చింది. స్టీరియో మీట నొక్కగానే ‘మాయాబజార్’ మొదలైంది. పోనీలే అనుకున్నారు. ఓ ముక్క అయిపోయి రెండోది రాగానే మనవరాలు ముందుకు వంగింది.

‘‘తాతయ్యా, ఘటోత్కచుడు రాకుండానే పెళ్లి విందు వచ్చేసిందేంటి?’’

కారంతా నవ్వులే నవ్వులు. కానీ ఎందుకలా అయ్యింది? కొడుకు ఆ ముక్కలకు 1 నుంచి 12 దాకా అంకెలు వేశాడు. మనం 1 తరవాత 2 అంటాం. చాలా స్టీరియోలు అంకెను అంకెలా చూడవు, అక్షరంలా చూస్తాయి. ముందు 1తో మొదలయ్యే పేర్లన్నీ అయిపోవాలి. అంటే 1, 10, 11, 12... ఆ తరవాతే 2. అదే 01, 02 అని రాసుంటే ఏ గొడవా ఉండేది కాదు.

కొత్తవలస దగ్గర మాటలు ఆపేసి పాటల్లోకి వెళ్లారు. అక్కడా అంతే. ఓ పాత పాట వెనక పిల్లల రైమ్. దాని వెనక నిన్నగాక మొన్నటి సినిమా పాట. అన్నీ ఇంగ్లిష్ అక్షరక్రమంలో వస్తున్నాయి. రాత్రి కూర్చుని చేసిన ప్లేలిస్టులు మూడింట్లో ఒక్కటీ తెర మీద కనిపించడం లేదు.

‘‘మీ అమ్మ మాట ఎప్పుడొస్తుందిరా?’’ అడిగారు తాతయ్య.

కొడుకు మనసులోనే లెక్కేసుకున్నాడు. వాయిస్ అంటే ‘వి’. ఇరవై ఆరు అక్షరాల్లో ఇరవై రెండోది. ఈ లెక్కన అరకు వెళ్లి తిరిగొచ్చినా ఆ మాట రాదు.

‘‘వెతికి పెట్టేయమంటారా నాన్నా? దొరుకుతుంది.’’

‘‘విడిగా వద్దు. అది ఆరో పాట వెనకాలే రావాలి. ఎప్పుడూ అలాగే కదా విన్నాం.’’

ఎస్.కోటలో రెండు టీలు

శృంగవరపుకోటలో కారు ఆపారు. కొండెక్కబోయే వాళ్లు టీ తాగడానికి, టైర్లలో గాలి చూసుకోవడానికి ఆగే ఊరిది. పక్కనే ఓ టూరిస్టు కారు డ్రైవరు టీ తాగుతున్నాడు. వీళ్ల అవస్థ చూసి గ్లాసు పట్టుకునే వచ్చాడు.

‘‘ఏటి బాబూ, పాటలు రావట్లేదా?’’

‘‘వస్తున్నాయి. వరసగా రావట్లేదు.’’

‘‘అన్నీ ఒక్క దగ్గరే కుమ్మరించేసుంటారు. కంప్యూటర్లో చేసిన లిస్టులు ఈ బండికేం తెలుస్తాయి బాబూ? దీనికి తెలిసింది సంచి ఒక్కటే. ఎవరి సంచి వాళ్లకి కట్టీండి, పైన నంబరేయండి. అదే పాడుద్ది.’’

అసలు కిటుకంతా ఆ రెండు ముక్కల్లోనే ఉంది. ప్లేలిస్టు అంటే పాటల మూట కాదు. ఏ పాట ఎక్కడుందో రాసిపెట్టుకున్న చిన్న చిట్టా. ఎం3యు అని పిలిచే ఆ చిట్టాలో చాలాసార్లు పాట పేరుతోపాటు కంప్యూటర్లోని చిరునామా కూడా ఉంటుంది... ఫలానా డ్రైవులో, ఫలానా ఫోల్డరులో అని. కార్డు కారులోకి వెళ్లాక ఆ చిరునామాకు అర్థం ఉండదు. ఇల్లు మారాక పాత చిరునామాకు ఉత్తరం రాసినట్టే. ఆ చిట్టాలను అసలు చదవని స్టీరియోలూ బోలెడు. ఫోల్డర్లను మాత్రం దాదాపు అన్నీ చదువుతాయి.

డ్రైవరు చెప్పిన సంచి అదే. కొడుకు ప్లాస్టిక్ తొడుగులోంచి చిన్న కార్డు తీసి తన ఫోన్లో పెట్టి భార్య చేతికిచ్చాడు. ఆమె ‘01 నాన్న’ అని కొత్త ఫోల్డరు తెరిచింది. ఇక పాటలు వరసగా అందులోకి చేర్చి అంకెలు వేయాలి. మరి ఆ వరస ఎవరికి తెలుసు?

తాతయ్య చొక్కా జేబులోంచి ఓ అట్టముక్క తీశారు. క్యాసెట్టు పెట్టెలోది. అంచులు పసుపురంగుకు తిరిగాయి. నీలం సిరా అక్కడక్కడా వెలిసింది. ఒక్కో పాట పేరూ చదివి వినిపించడం మొదలుపెట్టారు. మూడో పాట తరవాత అట్టముక్క వైపు చూడ్డం మానేశారు.

‘‘ఆరు అయిందా అమ్మా?’’

‘‘అయింది మావయ్యా. ఏడు అత్తయ్య మాట. అంతేగా?’’

‘‘అంతే.’’

పదహారు ముక్కలకు ఇరవై నిమిషాలు, రెండేసి టీలు. ఆ పక్కనే ‘02 పాప’ అని ఇంకో సంచి కూడా కట్టారు. లేకపోతే పాప ఊరుకోదుగా!

కొండ మలుపుల్లో...

బొడ్డవర దాటాక దారి పైకి తిరిగింది. టైడా దగ్గరికి వచ్చేసరికి రెండు వైపులా అడవి చిక్కబడింది. ఫోన్లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే తగ్గి, ఓ మలుపు దగ్గర పూర్తిగా పోయాయి. కారులో పాట మాత్రం ఆగలేదు. ఒకటి తరవాత రెండు. రెండు తరవాత మూడు. ప్రతి పాట అయిపోయేముందే తాతయ్య తరవాతి పల్లవి అందుకుంటున్నారు.

లోయకు అవతల రైలు పట్టాలు ఓ చోట కనిపించి, మళ్లీ సొరంగంలో మాయమవుతున్నాయి. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960ల్లో వేసిన దారి ఇది. కొండల్ని తొలిచి 50కి పైగా సొరంగాలు తవ్వారు. సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉన్న శిమిలిగూడ ఒకప్పుడు దేశంలోకెల్లా ఎత్తయిన బ్రాడ్‌గేజ్ స్టేషన్. 2017 నుంచి ఈ మార్గంలో అద్దాల బోగీ కూడా నడిచింది. ఆ రైలెక్కి సొరంగాలు లెక్కపెట్టే పిల్లలకు ఇదంతా వినోదం. ఈ లైన్లో ఉద్యోగం చేసినవాళ్లకు మాత్రం వాన, పొగమంచు, రాత్రి డ్యూటీలు గుర్తొస్తాయి.

అనంతగిరి వచ్చింది. సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా నిలబడి ఉన్నాయి. వాటిని చుట్టుకుని మిరియాల తీగలు, నీడలో కాఫీ మొక్కలు. ఇక్కడి కాఫీకే 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’ పేరుతో భౌగోళిక గుర్తింపు దక్కింది. అద్దం దించితే చల్లగాలి మొహానికి కొట్టింది.

గాలికొండ మలుపులు మొదలయ్యాయి. ఆరో పాట అయిపోయింది. తాతయ్య ఈసారి పల్లవి అందుకోలేదు.

ముందు చిన్న బరబర. గిన్నె కింద పెట్టిన చప్పుడు. తరవాత ఓ ఆడగొంతు, ఎక్కడో వంటింట్లోంచి... ‘‘ఏమండీ, నీళ్లు మరుగుతున్నాయి. లేవండి మరి, మళ్లీ డ్యూటీకి ఆలస్యమైందని నన్నంటారు.’’ దూరంగా రైలు కూత. అంతే. ఏడో పాట మొదలైంది.

కారులో ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి మనవరాలే అడిగింది.

‘‘నానమ్మ ఇక్కడే మాట్లాడిందా తాతయ్యా?’’

‘‘ఇక్కడే అమ్మా. ఇంకొంచెం ముందుకెళ్తే చూపిస్తా.’’

సుంకరిమెట్ట కాఫీ తోటల దగ్గర అందరూ దిగారు. ఫొటోలు తీసుకున్నారు. తాతయ్య మాత్రం తోట చూడ్డానికి వెంటనే వెళ్లలేదు. కారు తలుపు తీసి ఉంచి, క్యాసెట్టు ‘ఎ’ వైపు ఆఖరి పాట పూర్తయ్యేదాకా అక్కడే నిలబడ్డారు. అది కాగానే కొడుకును పిలిచి అన్నారు... ‘‘ఆ కార్డు ఇంకోటి చేసి పెట్టరా. ఇది పోతే ఎలా?’’

ఆ రాత్రి అరకు గదిలో కొడుకు చేసిన మొదటి పని అదే. పదహారు ముక్కల్నీ తన ఫోన్లోకీ, భార్య ఫోన్లోకీ ఎక్కించాడు. ఈసారి అంకెలతో సహా!

కార్డు కారెక్కేముందు...

* పాత కారయితే 32 జీబీ వరకూ ఉన్న కార్డే మేలు. ఫ్యాట్32లో ఉందో లేదో చూసుకోవాలి. మార్చడానికి ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నవన్నీ పోతాయి. ముందే వేరేచోట దాచుకోవాలి.

* ఒక్కో జాబితాకు ఒక్కో ఫోల్డరు. పాటల పేర్ల ముందు 01, 02, 03 అని అంకెలు. పాటలు వంద దాటితే 001 నుంచి మొదలుపెట్టాలి.

* కొన్ని స్టీరియోలు పేర్లను పట్టించుకోవు. ఏది ముందు ఎక్కిస్తే అదే ముందు పాడతాయి. అలాంటప్పుడు ఫోల్డరు ఖాళీ చేసి, పాటల్ని వరసగా ఒక్కొక్కటే ఎక్కించాలి.

* అన్నిటికన్నా ఎక్కువ స్టీరియోలకు తెలిసిన రకం ఎంపీ3. వేరే రకాలు మోగకపోతే కార్డును అనుమానించక్కర్లేదు.

* కార్డులోకి ఏమీ ఎక్కకపోతే ప్లాస్టిక్ తొడుగు పక్కనున్న చిన్న మీట చూడండి. అది ‘లాక్’ వైపు జరిగి ఉండొచ్చు.

* పాటల యాప్‌లలో డౌన్‌లోడ్ చేసుకున్నవి సాధారణంగా ఆ యాప్‌లోనే తెరుచుకుంటాయి. కార్డులో వేసినా కారులో మోగవు. అలాగని దుకాణాల్లో అనుమతి లేకుండా ఎక్కించి అమ్మే కార్డులు కొనడం సరికాదు. అది కాపీరైట్ ఉల్లంఘన.

* ఇంట్లో పాత క్యాసెట్లుంటే పాటల మధ్య ఖాళీల్ని కూడా ఓసారి వినండి. అనవసరమని కత్తిరించేయకండి. అక్కడ ఎవరి గొంతు ఉందో ఎవరికి తెలుసు!