ఫ్లోరిన్ నొప్పులే గద సారూ!

నల్గొండ జిల్లాలో వైద్యం చేసేవాడికి రోగం పేరు రోగే చెప్పేస్తాడు. స్టూలు మీద కూర్చుంటూనే "ఫ్లోరిన్ నొప్పులే గద సారూ, గోళీలు రాయి" అంటాడు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు మనిషైతే ఇక ఆ మాటకు తిరుగుండదు. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. అంతకు ఎన్నో రెట్లున్న బోరు నీళ్లతోనే ఆ ఊళ్లు వండుకున్నాయి, తాగాయి. మెడ తిరగక, మోకాళ్లు చాపలేక, నడుము విల్లులా వంగిపోయి బతికినవాళ్లను కళ్లారా చూశాను. ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నా, ఏళ్ల తరబడి బొక్కల్లో పేరుకున్నది అంత తొందరగా పోదు. కాబట్టి రోగి చెప్పిన పేరును నేనూ నమ్మేవాణ్ణి. నమ్మి, అడగవలసినవి అడగడం మానేసేవాణ్ణి.

ఆ పెద్దాయనకు అప్పుడు 68 ఏళ్లు. మూడు నెలలుగా నడుము నొప్పి. ఎక్స్‌రే తీయిస్తే వెన్నుపూసలు సుద్దముక్కల్లా తెల్లగా మెరిశాయి. ఫ్లోరోసిస్‌లో ఎముక చిక్కబడి అలాగే కనిపిస్తుంది. ఫిల్మును వెలుగుకు పట్టుకుని నేనే ఆయనకు చూపించాను, "ఇదిగో, ఫ్లోరైడ్" అని. నొప్పి మాత్రలు, కాల్షియం రాశాను. నెల తర్వాత వచ్చాడు, మాత్ర మార్చాను. ఇంకో నెలకు వచ్చాడు, మోతాదు పెంచాను.

నాలుగోసారి ఆయన వెంట భార్య వచ్చింది. నేను చీటీ రాస్తుంటే పక్కనుంచి మెల్లగా అన్నది: "రాత్రుల్లు పండుకుంటలేడు సారూ. మంచం మీద కూసోనే తెల్లారగడుతుండు. ఒరిగితె సాలు, మల్ల మొదలైతది."

కలం ఆగిపోయింది. అరిగిన నడుము, పనిచేసి అలసిన నడుము పడుకుంటే కాస్తయినా నెమ్మదిస్తుంది. ఒరగనివ్వని నొప్పి వేరే జాతి. అప్పుడు అడిగాను, మొదటి రోజే అడగవలసినవన్నీ. బరువు తగ్గాడా? పంచె ముడి రెండు వేళ్లు లోపలికి వెళ్లిందట. మూత్రం? ఏడాదిగా సన్నధార, రాత్రికి నాలుగైదుసార్లు లేవడం. ముసలితనం అనుకుని ఎవరికీ చెప్పలేదు. నోరు తెరిపించి చూస్తే పళ్ల మీద ఫ్లోరైడ్ మచ్చలు లేవు. ఆయన ఇల్లరికం వచ్చినవాడు, బాల్యమంతా కృష్ణ ఒడ్డు ఊళ్లో గడిచింది. పళ్లు ఒక్కటే సాక్ష్యం కాదు, పెద్దయ్యాక తాగిన నీళ్లు ఎముకల్ని పట్టినా పళ్ల మీద మచ్చలు తేవు. అయినా ఆ నోరు ముందే చూసి ఉంటే నాకు అనుమానం వచ్చేది. ముంజేతికి ఎక్స్‌రే తీయించాను. ముదిరిన ఫ్లోరోసిస్‌లో అక్కడి రెండు ఎముకల మధ్య పొర సున్నం పట్టి గరుకుగా కనిపిస్తుంది. ఆయనకు ఆ పొర శుభ్రంగా ఉంది. రక్తంలో ప్రోస్టేట్ జాడ పట్టించే పీఎస్‌ఏ వందలు దాటింది. ప్రోస్టేట్ క్యాన్సర్ వెన్నంతా పాకింది. అది కూడా ఎముకను తెల్లగానే చేస్తుంది.

హైదరాబాదులో హార్మోను చికిత్స, నడుముకు రేడియేషన్ ఇచ్చారు. కొన్ని వారాల్లోనే మంచం మీద వెల్లకిలా పడుకోగలిగాడు. మూడేళ్లు బతికాడు. మొదటి రోజే పట్టుకున్నా ఆ క్యాన్సర్ నయమయ్యేది కాదు, అది అప్పటికే ఎముకకు చేరింది. కానీ ఆయన కూర్చుని తెల్లారగట్టిన రాత్రుల్లో అరవైకి పైగా నా లెక్కలోవే.

ఆ తర్వాత నేను రోగిని చూసే తీరు మారింది. పత్తి తీసే కూలి ఒకామె, ముప్పై దాటి ఉంటాయి, నాలుగు నెలల నడుము నొప్పితో వచ్చింది. ఊళ్లో ఆర్‌ఎంపీ సూదులు వేస్తున్నాడు. రెండు రోజులు హాయిగా ఉంటుంది, మళ్లీ మామూలే. అలాంటి సూదుల్లో తరచూ స్టెరాయిడ్ కలుస్తుంది, నొప్పిని కప్పి లోపలి రోగాన్ని పెంచుతుంది. నేల మీద కలం పడేసి తీసివ్వమన్నాను. ఆమె నడుము వంచలేదు. వీపు కర్రలా నిలబెట్టి, గొంతుక్కూర్చుని తీసింది. వెన్ను పొడుగునా పిడికిలితో మెల్లగా తట్టుతూ వస్తే ఒక్క చోట ఉలిక్కిపడింది. వేలికి చిన్న బొడిపె తగిలింది. పొద్దుగూకితే ఒళ్లు వెచ్చబడుతుందట, జాకెట్లు వదులయ్యాయట. ఎంఆర్ఐలో రెండు పూసలు, మధ్య డిస్కు పుచ్చిపోయి ఉన్నాయి. సూదితో తీసిన చీములో టీబీ తేలింది.

"దగ్గే లేదు, టీబీ ఎక్కడిది సారూ?" అని అత్తగారు నాతో వాదానికి దిగింది. ఆ ప్రశ్న చాలా ఇళ్లలో విన్నాను. ఊపిరితిత్తుల్లో చేరిన క్రిమి రక్తంతో వెన్నుకు వెళ్లి కాపురం పెట్టగలదు. దగ్గు ఉండి తీరాలని లేదు. అక్కడ చీము పట్టి వెన్నుపామును నొక్కితే కాళ్లు పడిపోతాయి. ఈమెకు కాళ్లు పడిపోకముందే మందులు మొదలయ్యాయి. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మందులే, ఏడాదికి పైగా మింగింది. మళ్లీ చేనుకు వెళ్తోంది.

షుగరున్న ఒక రిటైర్డ్ మాస్టారి భుజం నొప్పికీ ఇలాగే సిద్ధంగా ఒక పేరు ఉంది, "షుగరు వల్ల బిగిసిన భుజం" అని. చెయ్యెత్తమంటే సునాయాసంగా తలపైకి ఎత్తాడు. బిగిసిన భుజం అలా లేవదు. చిటికెన వేలు తిమ్మిరి, ఆ వైపు కనురెప్ప కాస్త వాలి ఉంది. ఛాతీ ఎక్స్‌రేలో ఊపిరితిత్తి కొసన గడ్డ కనిపించింది. నలభై ఏళ్ల బీడీ.

ఇది చదివి నడుము నొప్పి ఉన్నవాళ్లంతా స్కానింగుకు పరుగెత్తనక్కర్లేదు. చాలా నడుములు ఆరు వారాల్లో వాటంతటవే సర్దుకుంటాయి. అనవసరపు ఎంఆర్ఐ డబ్బుతో పాటు నిద్రా పోగొడుతుంది. కానీ నడుము నొప్పితో పాటు మూత్రం రాకుండా ఆగిపోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, కాళ్లు తడబడినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

మిగతా నొప్పులకు నాది ఒక్కటే విన్నపం, రోగికి కాదు, పక్క మంచం మీద పడుకునేవారికి. ఆయన రాత్రి ఎలా పడుకుంటున్నాడో, బట్టలు వదులయ్యాయో, సాయంత్రం ఒళ్లు కాలుతుందో మీకే తెలుసు. ఈసారి మీరూ వెంట రండి. డాక్టరు చీటీ రాయడం మొదలుపెట్టకముందే ఆ మాట చెప్పండి.