చెవికి దగ్గరైన సెట్టు



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు ఇండ్లు దర్శించడానికి వెళ్ళినప్పుడు ఈ మధ్య ఒక సంగతి మాకు తరచుగా కనబడుతోంది. ఐటీఐ చదివిన పిల్లలు, టీవీ రిపేరు నేర్చుకున్నవారు, మోటార్లు చుట్టేవారు తమ ఇంటి సౌండు సెట్టును తామే చేసుకుంటున్నారు. ప్రార్థన అయ్యాక మమ్మల్ని కూర్చోబెట్టి, వాల్యూం పెంచి, "ఎట్లుందయ్యగారూ?" అని అడుగుతారు. బాగుంటుంది కూడా. చేతిపని నేర్చుకున్న బిడ్డను చూస్తే మాకు సంతోషమే. అయితే ఆ సెట్టు ఎవరి కోసం చేయాలన్న సంగతి మీతో కొంచెం మాట్లాడాలని ఇది రాస్తున్నాము.

ఈ పని మన జిల్లాకు కొత్తది కాదు. కువైటు నుంచి సెలవులకు వచ్చేవారు పెద్ద టేప్ రికార్డరు వెంట తెచ్చుకున్న కాలం పెద్దలకు గుర్తుంటుంది. ఉత్తరం రాయలేనివారు క్యాసెట్టులో మాట్లాడి పంపేవారు. ఇంటిల్లిపాదీ దాని చుట్టూ కూర్చొని వినేవారు. ఆ రికార్డర్ల మోటార్లు, హెడ్లు అరిగిపోయినా స్పీకర్లు మిగిలాయి. వాటికి కొత్త బోర్డు కట్టించుకోవడంతోనే మేమెరిగిన చాలామందికి ఈ విద్య పట్టుబడింది. ఆ బోర్డు మీద ఎక్కువగా కనబడింది జపాను సాన్యో కంపెనీవారి 4440 ఐసీ. అది 12 వోల్టులతో నడుస్తుంది గనుక కరెంటు పోతే బ్యాటరీకి తగిలించుకోవచ్చు. ఒక 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, రెండు డయోడ్లు, ఒక 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్, బాస్, ట్రెబుల్ తిప్పుకొనే బోర్డు, ఇప్పుడైతే ఒక బ్లూటూత్ బోర్డు. ఇంతే సామాను.

బోర్డు కంటే డబ్బా ముఖ్యమని చేసినవారికి తెలుసు. స్పీకరును విడిగా పట్టుకొని మోగిస్తే పీలగా వినబడుతుంది. దాని అట్ట ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలిని నెడుతుంది, అదే క్షణంలో వెనుకనున్న గాలిని లాగుతుంది. బొంగురు శబ్దాలలో ఈ రెండూ అంచు చుట్టూ తిరిగి కలిసి ఒకదానినొకటి చంపేసుకుంటాయి. వెనుకది ముందుకు రాకుండా ఆపేదే డబ్బా. ప్లైవుడ్డు కొనలేని రోజుల్లో మన పల్లెల్లో స్పీకరును కుండ మూతికి బిగించేవారు. చూసినవారు నవ్వినా, ఆ కుండలో శాస్త్రముంది. 1950 ప్రాంతంలో అమెరికాలో ఆర్‌సీఏ ప్రయోగశాలలో హ్యారీ ఓల్సన్ అనే శాస్త్రజ్ఞుడు ఒకే స్పీకరును రకరకాల ఆకారాలలో బిగించి కొలిచి చూశాడు. అన్నిటికంటే నునుపుగా పలికింది గుండ్రని గోళమే. మూలలు లేవు గనుక శబ్దం అంచుల దగ్గర విరగదు. మంటి ఘటములలో ఐశ్వర్యమున్నదన్న పౌలు పోలిక ఇక్కడ మాకు గుర్తొస్తుంది. కుండ కట్టేవారు మూతి చుట్టూ సందు లేకుండా మూయండి, వైరు పోయే రంధ్రాన్ని ఎమ్‌సీల్‌తో పూడ్చండి, లోపల రెండు పిడికెళ్ళ దూది వదులుగా పరచండి. ప్రొద్దుటూరు వారికి దూది గురించి మేము చెప్పనక్కరలేదు.

ఇక వాట్ల సంగతి. అట్టపెట్టె మీద వేల వాట్ల పీఎంపీఓ అని అచ్చువేసి ఉంటే దానిని లెక్కలోకి తీసుకోకండి. 12 వోల్టుల మీద నడిచే 4440 బోర్డు ఒక్కో స్పీకరుకు నిజంగా ఇచ్చేది 5, 6 వాట్లే. అది తక్కువేమీ కాదు. చెవికి రెట్టింపు గట్టిగా వినబడాలంటే ఇంచుమించు పది రెట్ల వాట్లు కావాలి. 6 వాట్ల సెట్టును తీసేసి 12 వాట్ల సెట్టు పెడితే తేడా కొంచెమే తెలుస్తుంది. ఆ కొంచెం కోసం పిల్లలు అప్పు చేయడం మేము చూశాము.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాము.

జమ్మలమడుగు దగ్గర ఒక పల్లెలో ఒక అవ్వ ఉంది. కొడుకు కువైటులో ఉన్నాడు. మనుమడు ముందరింట్లో రెండు నిలువెత్తు డబ్బాలు చేసి పెట్టాడు. వాక్యం పెట్టినా, పాట పెట్టినా అవ్వ మంచం మీది నుంచి లేవదు. ఫోనులో కొడుకు "సేద్యం ఎట్లుందిమా?" అని అడిగితే, ఆమె తన వైద్యం గురించి చెబుతుంది. ఇట్లా రెండు మూడేండ్లు జరిగేసరికి ఇంట్లో అందరూ అవ్వకు మతి తప్పిందని అనుకున్నారు. కొడుకు కూడా ఆమెతో మాట్లాడడం తగ్గించి, "అమ్మ బాగుందా?" అని కోడలినే అడిగేవాడు. మేము మంచం దగ్గర కూర్చొని ఆ డబ్బాల గురించి అడిగితే అవ్వ, "గుడుగుడు అంటాది నాయనా, మాట తెలీడంలా" అన్నది. మతి తప్పినవారు చెప్పే మాట కాదది.

వయసు మీద పడినప్పుడు సాధారణంగా ముందు తగ్గేది సన్నని శబ్దాలను వినే శక్తి. మాటలో అచ్చుల బలం బొంగురు వైపు ఉంటుంది. స, శ, త, క, ప వంటి హల్లులు సన్నగా, క్షణంలో వచ్చిపోతాయి. అందుచేత గొంతు వినబడుతుంది, మాట తెలియదు. బాస్ పెంచితే ఉన్న మాట కూడా మునిగిపోతుంది. దానికి తోడు మన ఇండ్లు. కింద నాపరాయి, కొన్నిచోట్ల పైన కూడా నాపరాయే. రాయి శబ్దాన్ని తాగదు, తిప్పికొడుతుంది. ఒక మాట పూర్తిగా ఆగకముందే ఇంకో మాట వచ్చి దాని మీద పడుతుంది. ముందరింట్లో డబ్బా ఎంత పెద్దదైతే, వెనుకింట్లో అవ్వకు అంత గందరగోళం.

ఆ మనుమడు మంచి పిల్లోడు. సంగతి తెలిశాక మొదట అవ్వను చెవి డాక్టరు దగ్గరికి పిలుచుకుపోయాడు. మీరూ ముందు అదే చేయండి. గులిమి అడ్డుపడి కూడా చెవులు మూసుకుపోతాయి, అది తీస్తే పోయే ఇబ్బందికి సెట్టు ఎందుకు? తరువాత పాత రికార్డరులోని నాలుగు అంగుళాల స్పీకరు ఒకటి తీసి చిన్న చెక్కడబ్బా చేసి, మంచం తల వైపు, చెవికి మూడడుగుల దూరంలో పెట్టాడు. బాస్ బాగా తగ్గించి, ట్రెబుల్ కొంచెం పెంచాడు. గోడకు దుప్పటి కట్టి, కింద బొంత పరిచాడు. ఫోనును వైరుతో ఆ సెట్టుకు కలిపాడు.

ఈ మూడడుగులలో పెద్ద లెక్క ఉంది. దూరం సగమైతే నేరుగా చెవికి చేరే శబ్దశక్తి నాలుగింతలవుతుంది. పన్నెండు అడుగుల నుంచి మూడు అడుగులకు తెస్తే పదహారింతలు. అంటే 6 వాట్ల సెట్టు దూరాన ఉన్న 96 వాట్ల సెట్టంత పనిచేస్తుంది, గోడల మారుమోత మాత్రం పెరగదు. కొనలేని బలాన్ని దగ్గరితనం ఊరికే ఇస్తుంది.

తరువాతి శుక్రవారం కువైటు నుంచి ఫోను వచ్చింది. అవ్వ కొడుకుతో అరగంట మాట్లాడింది. చీనీ చెట్ల పూత గురించి, బోరులో నీళ్ళ గురించి, కోడలి నడుము నొప్పి గురించి వరుసగా చెప్పింది. కొడుకు అట్లాగే వింటూ ఉండిపోయి చివరికి ఏడ్చాడని మనుమడు మాతో చెప్పాడు. అమ్మ ఇన్నాళ్ళూ బాగానే ఉన్నదని అతనికి ఆ రోజే తెలిసింది.

మార్కు సువార్త 7వ అధ్యాయంలో చెవిటివానిని ప్రభువు దగ్గరికి తెచ్చినప్పుడు ఆయన ఏమి చేశాడో చదవండి. గుంపులో నుంచి వానిని ఒక పక్కకు పిలుచుకుపోయాడు. చెవులను తన వ్రేళ్ళతో తాకాడు. దూరం నుంచి ఒక్క మాటతో చేయగలవాడు దగ్గరికే వెళ్ళాడు.

గనుక సెట్టు కట్టే యౌవనస్థులకు మా మనవి. పాటతో కాక మాటతో పరీక్షించండి. వాక్యం చదివిన ఆడియో పెట్టి, ఇంట్లో అందరికంటే తక్కువ వినబడే మనిషిని కూర్చోబెట్టి, విన్నది తిరిగి చెప్పమనండి. రెండు స్పీకర్లు పెడితే ప్లస్, మైనస్ సరిచూడండి. విడి స్పీకరుకు ఒకటిన్నర వోల్టు సెల్లును ఒక్క క్షణం తాకిస్తే, ప్లస్‌కు ప్లస్ కలిసినప్పుడు అట్ట ముందుకు కదులుతుంది. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు లాగితే ఇంట్లో ఇద్దరు చెరొక దారి పట్టినట్టే. గుయ్ మనే మోత వస్తే వాల్యూం పూర్తిగా తగ్గించి చూడండి. అప్పటికీ ఉంటే కరెంటు వైపు తప్పు, పోతే ఫోను నుంచి వచ్చే వైరులో తప్పు. ట్రాన్స్‌ఫార్మరుకు ఫ్యూజు పెట్టండి, ఇనుప డబ్బాకు ఎర్తు ఇవ్వండి, పసిపిల్లలకు అందేచోట తెరిచిన వైరు ఉంచకండి.

కొట్లో దొరికే సెట్టు ఊరందరి కోసం చేసింది. మీ అవ్వ చెవి ఎట్లాంటిదో ఆ కంపెనీకి తెలియదు. మీకు తెలుసు. ఈ వారం మీ ఇంట్లో ఎవరైనా అడిగినదానికి పొంతన లేని జవాబు చెబితే నవ్వకండి, కసరకండి. వారి పక్కకు వెళ్ళి, ముఖం కనబడేట్టు కూర్చొని, నిదానంగా మళ్ళీ అడగండి. సెట్టు తరువాత కట్టవచ్చు.

ప్రభువు మీ ఇండ్లను దీవించునుగాక. ఆమేన్.