ప్రాణశక్తికి అంకె ఎంత?

వేసవి సెలవులకు వచ్చిన మా మనుమడు జపాను బొమ్మలకథల పుస్తకమొకటి నా ముందుంచి, "తాతయ్యా, ఇందులో 'కి' అంటున్నారే, అది మన ప్రాణమేనా?" అని అడిగాడు. తెలుగు పండితుణ్ణి గదా, పుస్తకం తెరవకుండానే "అవును నాయనా, అంతా మన దగ్గరనుండి వెళ్లినదే" అని తేల్చివేశాను. వాడు నమ్మలేదు. ఆ అపనమ్మకమే నాచేత ఆ పుస్తకాలు చదివించింది.

ముందుగా నా తప్పు దిద్దుకోవాలి. 'కి' చీనాదేశపు 'ఛీ' నుండి జపానుకు చేరిన మాట. ఊపిరి, ఆవిరి, మనఃస్థితి అన్నీ దాని అర్థాలే. ఒంట్లోని చురుకుదనాన్ని 'గెంకి' అనీ, వాతావరణాన్ని 'తెంకి' అనీ అంటారు. రెంటిలోనూ ఉన్నది ఈ 'కి'యే. ఆ అక్షరపు పాత రూపంలో బియ్యపు గుర్తు ఉండేది. అన్నమయకోశం పిమ్మట ప్రాణమయకోశాన్ని చెప్పిన తైత్తిరీయోపనిషత్తు స్ఫురించి ఒళ్లు పులకరించిన మాట నిజమే; కాని పోలిక వేరు, పుట్టుక వేరు. మసాషి కిషిమొతో రచించిన 'నరుతో' (1999–2014)లో శక్తికి పెట్టిన 'చక్ర' అనే పేరు మాత్రం సంస్కృతపదమే. అయితే మన యోగశాస్త్రంలో చక్రం శక్తికి నెలవు. అక్కడ అదే శక్తి.

అకిర తొరియామ 'డ్రాగన్ బాల్' 1984 నుండి 1995 వరకు 'షోనెన్ జంప్' వారపత్రికలో వెలువడింది. కంటికి కనబడనిదానిని నలుపు తెలుపులలో ఎట్లా చూపాలి? వీరుని చుట్టూ జ్వాలలవలె గీతలు లేస్తాయి, కాళ్లకింది రాళ్లు పైకి తేలుతాయి. రెండరచేతులూ దొప్పగా చేసి, నడుము ప్రక్కకు తెచ్చి, 'కమేహమేహా' అంటూ ముందుకు నెట్టగా వెలువడే ధారకు రంగు లేదు. సిరా తగలని తెల్లకాగితమే వెలుగు.

ఆ కథలోకి తరువాత ఒక యంత్రం వస్తుంది. కంటికి తగిలించుకొనే ఆ 'స్కౌటర్' ఎదుటివాని బలాన్ని అంకెలో చూపుతుంది. తుపాకి పట్టిన రైతుకు 5. ఏడుస్తున్న పసివాడు గోహాన్‌కు 710 చూపగా, రాడిట్జ్ అనే శత్రువు యంత్రం చెడిందనుకొంటాడు. కోపం వచ్చిన క్షణంలో ఆ పిల్లవాని బలం 1307! గోకు, అతని మిత్రులు 'కి'ని అణచుకోవడం, అదనెరిగి పెంచడం నేర్చినవారు. అంకెను నమ్మినవారు అందుకే దెబ్బతింటారు.

1998లో అదే పత్రికలో యొషిహిరో తొగాషి 'హంటర్ × హంటర్' మొదలుపెట్టాడు. అందులో ప్రాణశక్తి ఒంటినుండి ఆవిరివలె లేస్తుంది. దానిని వశపరచుకొనే విద్య పేరు 'నెన్'. పరీక్షకు యంత్రం లేదు. గ్లాసునిండా నీళ్లు, పైన ఒక ఆకు. శిష్యుడు గ్లాసుకు ఇరుప్రక్కలా చేతులుంచి శక్తిని ప్రసరింపజేస్తాడు. గాన్ అనే బాలుడు చేతులుంచితే నీళ్లు పొంగిపొరలాయి. అతని స్నేహితుడు కిల్లువా చేతులుంచితే నీటి రుచి రవ్వంత తీపైంది. ఒకరికి ఆకు కదులుతుంది, మరొకరికి నీటి రంగు మారుతుంది. ఎంత అని కాదు, ఎటువంటిది అని ఆ పరీక్ష అడుగుతుంది.

అక్కడ పుస్తకం మూసివేశాను.

నా ఉద్యోగం తొలిరోజులలో తొమ్మిదవ తరగతిలో చివరి బల్లమీద ఒక పిల్లవాడుండేవాడు. పద్యం అప్పజెప్పమంటే గొంతు పెగిలేది కాదు. ఒక మధ్యాహ్నం బడి వెనుక వేపచెట్టు క్రింద అతడే, పరీక్ష అట్టను తంబురాగా భుజాన పెట్టుకొని, జాతరలో విన్న బుర్రకథ చెబుతున్నాడు. ఇద్దరు తోటివాళ్లు వంతలు. ముప్పైమంది పిల్లలు కదలకుండా వింటున్నారు. గోడ చాటున నిలబడి నేనూ విన్నాను. విని ఒక్క మాటైనా అనకుండా వెళ్లిపోయాను. ఆ వారమే అతని తెలుగు పేపరు దిద్ది, ఎర్రసిరాతో 11 వేశాను. ఆ పేపరుకు అది న్యాయమైన అంకెయే. కాని నా దగ్గర వేరే కాగితం లేదు, దానికోసం నేను వెదకనూ లేదు. మరుసటేడు అతడు బడికి రాలేదు.

మనుమణ్ణి పిలిచి, "నేను చెప్పింది తప్పు నాయనా" అన్నాను. వాడు సంతోషించి, "అయితే నీది ఏ రకమో చూద్దాం" అంటూ గ్లాసులో నీళ్లు నింపి, పెరటిలోని తులసాకొకటి వేసి తెచ్చాడు. చేతులుంచాను. ఆకు కదలలేదు. "రుచి చూడు తాతయ్యా" అన్నాడు. చూశాను. మంచినీళ్లే.