ఫుట్‌పాతు ముందుకొస్తే

మా అత్తగారికి బస్సంటే మహా గౌరవం. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు టిక్కెట్టు డబ్బు లేకుండా చేసిన నాటినుంచీ అది భక్తిగా మారింది. అమీర్‌పేటనుంచి పంజాగుట్ట మెట్రోలో ఒక్క స్టేషనే గదా అత్తయ్యా అంటే, "డబ్బిచ్చి మరీ ఆకాశానికెక్కడం దేనికమ్మాయ్!" అంటారు.

మొన్నొక సాయంత్రం అలాగే బస్సెక్కాం. పంజాగుట్ట చేరేసరికి స్టాపు ముందు ఆటోలు బారులు తీరి ఉన్నాయి. డ్రైవరు మాత్రం ఏం చేస్తాడు? రెండో వరసలోనే ఆపాడు. అత్తగారు ఒక కాలు కింద పెట్టారో లేదో, బస్సుకూ ఆటోలకూ నడుమనుంచి మోటారు సైకిలొకటి రివ్వున దూసుకొచ్చింది. చెయ్యి పట్టి వెనక్కు లాగాను. గాజులు పగిలాయి; ప్రాణం దక్కింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పెవరిదా అని ఆలోచిస్తే, అది రోడ్డు తీరులోనే ఉందనిపించింది. బస్సుకు కాలం వృథా అయ్యేది పరుగులో కాదు. ఆగడంలోనూ, ఆగి మళ్లీ దారిన పడడంలోనూ. పక్కకు తప్పుకున్న బస్సును తిరిగి వరసలోకి రానిచ్చే పుణ్యాత్ములు ఎందరున్నారు? అంచేత, ఆటోలు లేకపోయినా డ్రైవరుకు పక్కకు పోబుద్ధి కాదు. బస్సు ఆలస్యానికీ, మా అత్తగారి గండానికీ మూలం ఒక్కటే!

అహమ్మదాబాదులో 2009 నుంచి బస్సులకు రోడ్డు నడుమ ప్రత్యేకంగా దారి ఉంది. దిల్లీలో 2008లో వేసిన అటువంటి దారిని, కార్లవాళ్ల గోల పడలేక, 2016లో తీసివేయడం మొదలుపెట్టారు. మనకా తగవే లేదు. నడిరోడ్డు మెట్రో స్తంభాలది. మిగిలింది ఎడమ పక్కే.

అక్కడ చెయ్యవలసింది చిన్న పనే. బస్సు ఫుట్‌పాతు దగ్గరికి పోవడం కాదు, ఫుట్‌పాతే బస్సు దగ్గరికి రావాలి. స్టాపున్న మేర దాన్ని ఒక వరస వెడల్పున ముందుకు పెంచితే, బస్సు తన దారిలోనే ఆగి, తన దారినే సాగిపోతుంది. దిగేవాళ్ల కాలు ఫుట్‌పాతు మీదే పడుతుంది. మధ్యన మోటారు సైకిలుకు సందుండదు. స్టాపును సిగ్నలు దాటాక పెడితే, జనం ఎక్కేలోపల పచ్చదీపం చెయ్యి జారిపోదు. వెనకనున్న కార్లు అరనిమిషం ఆగవలసి వస్తుందంటారా? అరవైమంది కోసం ఒక్కరు ఆగడం అన్యాయమేమీ కాదు.

మర్నాడు అత్తగారు కొత్త గాజులు వేయించుకుని, మళ్లీ బస్సుకే బయలుదేరారు.

"రోడ్డు మారేదాకా నా చెయ్యి వదలకమ్మాయ్!" అన్నారు.

వదల్లేదు.