వీరాపురం కొంగల లెక్క

పిల్లలూ, రాయలసీమలో వానలు తక్కువని మీరు భూగోళంలో చదువుకున్నారు గదా! అటువంటి సీమలో ఒక వూరి చింతచెట్ల మీద కొంగలు ఏటేటా కాపురం పెడతాయంటే నమ్ముతారా?

ధర్మవరంలో రైలెక్కి బెంగుళూరు వైపు వెళితే పెనుకొండ కోట వస్తుంది. 1565 యుద్ధం తరవాత విజయనగర రాజులు రాజధాని చేసుకొన్న చోటది. ఆపైన హిందూపురం. నేనూ, మనుమడూ, మనుమరాలూ అక్కడ దిగి బస్సెక్కి, చిలమత్తూరు మండలంలోని వీరాపురం చేరాము.

వూళ్ళో అడుగు పెట్టగానే టకటకమని చప్పుడు! గూళ్ళలో కొంగలు ముక్కులు తాటిస్తున్నవి.

"తాతా, ఇవి సైబీరియా నుంచి వస్తాయంట!" అన్నాడు మనుమడు.

"అది నిజం కాదురా. ఎర్రకాళ్ళ కొంగలు మన దేశపువే. నీరూ, చేపలూ, చెట్లూ కుదిరిన చోటికి పోతుంటాయి," అన్నాను.

ఈ కొంగ ముక్కు కాస్త తెరిచి, లోతులేని నీళ్ళలో పెట్టి నడుస్తుంది. చేప తగలగానే టక్కున మూస్తుంది. చెరువు ఎండితే దానికి పస్తే.

చెట్టు కింద కూర్చున్న ఒక అవ్వ, "ఆడబిడ్డలు పురిటికొచ్చినట్లు వస్తాయి నాయనా. ఈమధ్య తగ్గినట్టుంది," అన్నది.

"ఎన్ని తగ్గినాయవ్వా?" అని అడిగింది మనుమరాలు.

"ఎవురు లెక్కబెట్టినారు తల్లీ!"

వెంటనే పిల్లలిద్దరూ ఆ చెట్టు మీది గూళ్ళు లెక్కించారు. ఒకరి లెక్క ఒకరికి కలవలేదు. తగువు మొదలైంది!

"కొమ్మల చాటున కొన్ని మరుగుపడతాయి. ఒకరిది ఒకరు చూడకుండా చెట్టు పటం గీసి, కనబడిన గూళ్ళు గుర్తించండి," అన్నాను.

అన్న 20, చెల్లెలు 15 గుర్తించారనుకోండి. రెండు పటాలలోనూ వున్నవి 12. చెల్లెలు చూచిన 15లో అన్నకు 12 కనిపించాయి. అంటే అతనికి అయిదింట నాలుగు వంతులు కనిపిస్తాయన్నమాట. 20 అనేది నాలుగు వంతులైతే, మొత్తం 25! ఇద్దరూ కలిసి చూచినవి 23. తక్కిన రెండూ ఎవరికీ కనిపించనివి. ఇది అంచనాయే గాని, వూహ కాదు. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు పీటర్సన్ చేపలకు గుర్తులు కట్టి వదిలిన పద్ధతికి చుట్టమే ఇది.

ఒక్క యేటి లెక్క చాలదు. ఏటా అదే నెలలో, అదే పద్ధతిలో లెక్కించాలి. అప్పుడే తగ్గుదల తెలుస్తుంది. చెరువెండిందా, చెట్టు పోయిందా అని వెతకవచ్చు. ఆసియా దేశాలలో 1987 నుంచి జనవరి నెలలో నీటిపక్షులను లెక్కిస్తున్నారు.

బయలుదేరేటప్పుడు మనుమరాలు తన పటం మీద తేదీ వేసి అవ్వ చేతికిచ్చింది.

"మళ్ళీ యేడు వస్తాం. అంతవరకు దాచిపెట్టవ్వా!"

అవ్వ దానిని మడిచి, కొంగున ముడి వేసుకొన్నది.